కొంగలకుంట గోడ

నోటీసు తెచ్చిన ఇద్దరూ మర్యాదగానే ప్రవర్తించారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, "మంజూష గారంటే మీరేనా మేడం?" అని అడిగి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లున్న సందులో, మెట్లు ఎక్కీ ఎక్కీ రొప్పు వచ్చే పైఅంతస్తులో ఆమె ఆఫీసు. కింద ఎవరో మైకు పట్టుకుని కొత్త బ్యాచ్ గురించి అరుస్తున్నారు. మంజూష టిఫిన్ డబ్బా పక్కకు జరిపి కాగితాలు తిరగేసింది. రెండో పేజీలో తన పేరు కనిపించాక కళ్లు అక్కడే ఆగిపోయాయి.

కొంగలకుంట రక్షిత చిత్తడి నేలలో అనుమతి లేకుండా కట్టడం. కుంటను మట్టితో పూడ్చడం. ఎక్కువైన నీళ్లు పోయే కాలువను మూసెయ్యడం. నిందితుల్లో మొదటివాడు స్థలం యజమాని, తర్వాత బిల్డర్ సురేందర్, మట్టి తోలిన కాంట్రాక్టరు, చివరగా ఆమె. 'డ్రాయింగులపై సంతకం చేసిన స్ట్రక్చరల్ ఇంజనీరు' అని రాసి ఉంది. నేరం రుజువైతే జైలు, దాంతో పాటు కుంటను మళ్లీ మామూలు స్థితికి తెచ్చే ఖర్చు కూడా వాళ్లదే.

ఆమె మళ్లీ మళ్లీ చదివింది, అర్థంకాక కాదు. అర్థమవుతూనే చదివింది. అదే ఎక్కువ భయం కలిగించింది.

కిందటి వేసవిలో సురేందర్ తన కారులోనే ఆమెను సిటీ బయటికి తీసుకెళ్లి ఆ స్థలం చూపించాడు. అప్పుడక్కడ చుక్క నీరు లేదు. నేల నెర్రెలు విచ్చి ఉంది. కానీ ఆ నెర్రెల మధ్య తెల్లటి నత్తగుల్లలు ఉన్నాయి. ఓ పక్కన కొట్టేసిన జమ్ము మొదళ్లు ఎండి నిలబడ్డాయి. "ఇక్కడ నీళ్లు నిలుస్తాయి కదండీ?" అని అడిగింది. సురేందర్ నవ్వాడు. "ఎప్పుడో మా తాతల కాలంల నిల్సినయ్ మేడం. పర్మిషన్ ఫైల్ నడుస్తున్నది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి." ఆమె ఇంకో ప్రశ్న అడగలేదు. సెల్లార్ చుట్టూ మట్టిని ఆపే గోడను పొడినేలకు సరిపోయేట్టు గీసి సంతకం పెట్టింది. పర్మిషన్ వచ్చాకే కడతారులే అనుకుంది. అలా అనుకోవడం తేలికగా ఉంది కాబట్టి అనుకుంది.

సాయంత్రం ఆమె భర్త వివేక్ నోటీసును రెండుసార్లు చదివాడు. తర్వాత, "ఎంతమంది ఇంజనీర్లు సంతకాలు పెట్టట్లేదు? అందరినీ పట్టుకుంటున్నారా ఏంటి?" అన్నాడు. ధైర్యం చెప్పాలనే అన్నాడు గానీ అతని గొంతులోనే ధైర్యం లేదు. మర్నాడు తెలిసినవాళ్ల ద్వారా పంజాగుట్టలో ఓ లాయర్ అపాయింట్‌మెంట్ సంపాదించాడు.

లాయర్ కృష్ణమోహన్‌కు అరవై దాటాయి. గోదావరి వైపు మనిషి. నోటీసంతా నెమ్మదిగా చదివి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"చూడమ్మా, ఇలాంటి కేసుల్లో అందరూ ఒకళ్ల మీద ఒకళ్లు తోసుకుంటారు. యజమాని బిల్డరంటాడు. బిల్డరు ఇంజనీరంటాడు. ఇంజనీరుగారు ధ్రువీకరించారు కాబట్టే కట్టానంటాడు. ఆఖరికి నువ్వే దొరుకుతావు."

"మరి నేనేం చెయ్యాలండీ?"

"ఏమీ చెయ్యకూడదు. అదే ముఖ్యం. ఆ స్థలం దరిదాపులకు వెళ్లకు. ఆ బిల్డరుతో మాట్లాడకు. నువ్విచ్చిన డ్రాయింగు ప్రాథమిక అంచనా మాత్రమే, కట్టడానికి ఇచ్చింది కాదు. అక్కడ నీళ్లుంటాయన్న సంగతి నీకు తెలియదు."

మంజూష నోరు తెరవబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నేను అడగలేదమ్మా. తెలియదని చెప్పాను. తెలిసి చేసినదానికీ తెలియక చేసినదానికీ మధ్య జైలు గోడ ఉంటుంది. అర్థమైందా?"

అర్థమైంది. ఆ రోజు నుంచీ ఆఫీసు మెట్ల మీద ఏ అడుగుల చప్పుడు విన్నా ఆమె పని ఆపి, అవి తన తలుపు దాటి వెళ్లేదాకా పెన్సిలు ముట్టేది కాదు. మెట్రోలో ఖాకీ చొక్కా కనిపిస్తే తర్వాతి స్టేషన్‌లో దిగిపోయేది. ఒకసారి సెక్యూరిటీ గార్డును చూసి కూడా అలాగే దిగింది. టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తిరిగి తెచ్చేది. పాత క్లయింట్లు ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. నేను ఎవరి డబ్బూ తినలేదు, ఎవరినీ కొట్టలేదు అని తనకు తానే చెప్పుకునేది. వెంటనే ఎండిన నేల మీది ఆ నత్తగుల్లలు కళ్ల ముందుకొచ్చేవి.

అంతలో వానలు మొదలయ్యాయి. అల్పపీడనమని టీవీలు చెప్పాయి. అమీర్‌పేట చౌరస్తాలో మోకాలి లోతు నీళ్లు నిలిచి బైకులు ఆగిపోయాయి. కోచింగ్ పిల్లలు ప్యాంట్లు పైకి మడిచి, బ్యాగులు నెత్తిన పెట్టుకుని నడిచారు. మంజూష కిటికీలోంచి ఆ నీళ్లను చూస్తూ ఉండగా ఫోన్ మోగింది. సురేందర్ ఒక ఫోటో పంపాడు. కింద రాశాడు: "మేడం, గోడ జర పొట్ట పెట్టింది. ఏం ఆన్చాలె? జల్దీ చెప్పుండ్రి."

ఆమె ఫోటోను పెద్దది చేసి చూసింది. సెల్లార్ గోడ మధ్యలో ఉబ్బి ఉంది. అడ్డంగా పగుళ్లు. పగుళ్లలోంచి నీళ్లు కారి గోడంతా నల్లగా తడిసింది. గోడ వెనక పోసిన మట్టి నీళ్లు తాగి బురదై ఉంటుంది. కాలువ మూసేశారు కాబట్టి కుంట నీళ్లు పోవడానికి దారి లేదు. అవన్నీ ఆ గోడనే నెడుతున్నాయి. ఆ గోడ నీళ్ల కోసం గీసింది కాదు. ఎంత బరువు ఆపగలదో ఆమెకు తెలుసు. లెక్క వేయాల్సిన పని కూడా లేదు.

ఫోటో అంచున ఇంకొకటి కనిపించింది. ఒక తాడు. దాని మీద ఆరేసిన చీర, చిన్నపిల్ల గౌను.

లాయర్ మాట గుర్తుండగానే ఆమె సురేందర్‌కు ఫోన్ చేసింది.

"అక్కడ మనుషులు ఉన్నారా?"

"లేబర్ ఉన్నరు మేడం. షెడ్లు వానకు కొట్టుకపోయినయ్. సెల్లార్‌ల సగం స్లాబ్ పోసినం గదా, దాని కింద ఉన్నరు."

"వెంటనే పైకి తియ్యండి. ఆ గోడ నిలవదు."

"గట్లెట్ల తీస్తం?" సురేందర్ గొంతు తగ్గించాడు. "జాగ ఖాళీ చేస్తె పొద్దుగాలనే జేసీబీలు ఒస్తయ్. మనుషులుంటే కూలగొట్టరు. నా జిందగీ మొత్తం గా జాగల పెట్టిన మేడం. గోడకు ఆసరగ రెండు జాకీలు ఎక్కువ పెడితె ఆగుతదా, అది చెప్పుండ్రి సాలు."

"ఆగదు! సురేందర్ గారూ, అక్కడ పిల్లలున్నారు!"

"గింత గట్టిగ మాట్లాడకుండ్రి. గోడ పడితె మీ సంతకం సుత పడ్డట్టే. మీరు సుత నా లెక్కనే ఇరుక్కున్నరు, యాది పెట్టుకోండ్రి."

ఫోన్ కట్ అయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆమె గొడుగు కూడా తీసుకోకుండా మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగింది. కృష్ణమోహన్ ఫోటో చూసి పెదవి విరిచాడు.

"నువ్వు అతనికి ఫోన్ చేశావా?"

"చేశానండీ. వాళ్లను ఖాళీ చేయించాలి. ఎవరికి చెప్పాలి?"

"ఎవరికీ చెప్పకూడదు. గోడ పడిపోతుందని నువ్వు చెప్పావంటే, గోడ నీదని ఒప్పుకున్నట్టు. నీళ్లకు ఆగదన్నావంటే, నీళ్లొస్తాయని తెలిసే గీశావని వాళ్లు పట్టుకుంటారు. నీ కేసు మొత్తం 'తెలియదు' అన్న ఒక్క మాట మీద నిలబడి ఉందమ్మా. దాన్ని నువ్వే లాగేస్తావా?"

"మరి గోడ వాళ్ల మీద పడితే?"

ఆయన ఫోటోను మళ్లీ చూశాడు. చెడ్డవాడు కాదు. ఆయనకూ అది కష్టంగానే ఉందని మొహం చెప్తోంది. "నేను ఎవరిచేతైనా పేరు లేకుండా ఒక ఫోన్ చేయిస్తాను. నువ్వు ఇంటికి వెళ్లు," అన్నాడు చివరికి.

ఆమె రోడ్డు మీదికి వచ్చింది. వాన జోరుగా పడుతోంది. ఫ్లైఓవర్ కింద బైకులవాళ్లు గుంపుగా ఆగారు. పేరు లేని ఫోన్‌కు ఎవరు కదులుతారు, ఈ వానలో? సిటీ అంతా ఇలాంటి ఫోన్లే మోగుతూ ఉంటాయి. ఇంటికి వెళ్లాలంటే కుడివైపు మెట్లెక్కి మెట్రో పట్టుకోవాలి. ఎడమవైపు నడిస్తే ఎర్రమంజిల్. చెరువులను చూసే అధికారిణి కూర్చునే కార్యాలయం అక్కడే ఉందని నోటీసు మీదే ఉంది. మంజూష కొంతసేపు కదల్లేదు. ఎందుకు ఎడమకు తిరిగిందో తర్వాత ఎవరు అడిగినా ఆమె సరిగ్గా చెప్పలేకపోయింది. కాళ్లు అటు నడిచాయి.

అధికారిణి పేరు నవీన. నలభై లోపు ఉంటాయి. బల్ల నిండా ఫోన్లు మోగుతున్నాయి. తడిసి ముద్దై నిలబడ్డ మనిషిని చూసి కుర్చీ చూపించింది.

"కూసోండి. ఏంది సంగతి?"

"కొంగలకుంట దగ్గర సెల్లార్ గోడ పడిపోతుందండీ. దాని కింద కూలీల కుటుంబాలున్నాయి. ఇప్పుడే ఖాళీ చేయించాలి."

"మీకెట్ల తెలుసు?"

"ఆ గోడ గీసింది నేనే."

నవీన చేతిలోని ఫోన్ కింద పెట్టింది. "మీరు మంజూషా? నోటీస్ అందింది గదా. లాయర్‌ను పెట్టుకున్నరా?"

"పెట్టుకున్నాను. ఆయన వద్దన్నారు."

"మేడం, మీరు చెప్పేది నేను రాసుకోవాలె. రేపు కోర్టుల చదువుతరు. జర ఆలోచించి చెప్పండి."

"రాసుకోండి."

"ఆ జాగల నీళ్లు నిలుస్తయని సంతకం పెట్టిననాడు మీకు తెలుసా?"

ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ భయపడింది. తెలియదు అనడం ఎంత సులువో ఆమెకు తెలుసు. ఆ మాట నాలుక మీదే ఉంది. కానీ తెలియకపోతే గోడ ఎందుకు పడుతుందో చెప్పడం ఎలా? చెప్పలేకపోతే ఈమె ఎందుకు కదలాలి?

"తెలుసు," అంది మంజూష. "నేల మీద నత్తగుల్లలు చూశాను. జమ్ము మొదళ్లు చూశాను. అడిగాను. ఆయన నవ్వేశాడు. నేను ఊరుకున్నాను. గోడను నీళ్లకు గీయలేదు."

నవీన రాసుకుంది. రాస్తున్నంతసేపూ తలెత్తలేదు. తర్వాత లేచి ఎవరికో ఫోన్ చేసి జీపు తెమ్మంది. "మేం చెప్తే వాళ్లు లెవ్వరు. కూలగొట్టనీకె వచ్చినమనుకుంటరు. మీరు సుత రావాలె," అంది.

కొంగలకుంట చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. వేసవిలో చూసిన ఎండు నేల ఎక్కడా లేదు. బూడిదరంగు నీళ్లు, వాటిలోకి చొచ్చుకొచ్చిన ఎర్రమట్టి దిబ్బ, దిబ్బ మధ్యలో గొయ్యిలాంటి సెల్లార్. నవీనతో వచ్చిన సిబ్బంది పైనుంచి కేకలు వేశారు. కింద నుంచి ఎవరూ రాలేదు. స్లాబు కింద పొయ్యి పొగ కనబడుతోంది.

ఒక ఆడమనిషి బయటికి వచ్చి తలెత్తి చూసింది. ఆమె పేరు సీతాబాయి. అక్కడి కూలీలంతా ఆమె మాటే వింటారని తర్వాత తెలిసింది.

"మేం రాం సారూ," అంది గట్టిగా. "పోయినేడు ఇంకోతాన గిట్లనే లెవ్వుమంటె లేచినం. వానల రోడ్డు మీద పండుకున్నం. నా మనవరాలికి జెరమొచ్చి సచ్చి బతికింది. సేటు ఉండుమన్నడు, ఉంటం."

"గోడ పడుతుందమ్మా!" అని సిబ్బందిలో ఒకరు అరిచారు.

"మీరు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పడుతదనే అంటరు!"

మంజూష ర్యాంపు మీంచి కిందికి దిగింది. ఎవరూ దిగమనలేదు. నవీన వెనక నుంచి "మేడం, వద్దు!" అని పిలిచింది కూడా. బురదలో చెప్పు ఇరుక్కుంటే వదిలేసి నడిచింది. కింద నేల మీద మడమ లోతు నీళ్లు. స్లాబు కింద ఇటుకలు పేర్చి వాటి మీద పరుపులు, గిన్నెలు, నిద్రపోతున్న ఒక పసివాడు. గోడ ఫోటోలో కన్నా ఎక్కువ ఉబ్బింది. పగుళ్లలో బొటనవేలు పడుతుంది. ఆమె దగ్గరికి వెళ్లి చెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. లోపల నుంచి సన్నటి చప్పుడు వస్తోంది, మట్టి జారుతున్నట్టు.

సీతాబాయికి చెప్పాలనుకున్న మాటలన్నీ మరిచిపోయింది. అక్కడే ఉన్న సిమెంటు బస్తాల మీద కూలబడింది. చేతులు వణుకుతుంటే ఒళ్లో దాచుకోవాలని చూసింది, ఆగలేదు.

"అమ్మా... ఇది నేను గీసిన గోడ," అంది ఎలాగో. "ఇది ఆగదు. నాకు తెలుసు. నాకు చాలా భయంగా ఉందమ్మా. పైకి వెళ్దాం. దయచేసి రండి."

సీతాబాయి ఆమె మొహం వైపు చూసింది. చేతుల వైపు చూసింది. తర్వాత గోడ వైపు తిరిగి కాసేపు నిలబడింది.

"మమ్ముల బెదిరించెటోళ్లను మస్తు చూసినం," అంది మెల్లగా. "మా తాన కూసోని బెదిరినోళ్లను చూడలె." అప్పుడు లోపలికి తిరిగి అరిచింది. "ఏయ్, లెవ్వుండ్రి! పిల్లల్ని ఎత్తుకోండ్రి. గిన్నెలు తర్వాత!"

ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకున్నారు. మగవాళ్లు మూటలు, గ్యాస్ స్టవ్వు పట్టుకున్నారు. మంజూషకు లేవడం చాతకాలేదు. సీతాబాయే రెక్క పట్టుకుని పైకి తీసుకొచ్చింది. నవీన ఈసారి వాళ్లను రోడ్డు మీద వదలలేదు. దగ్గరి బడిలో గదులు తెరిపించి, అన్నం తెప్పించి, అందరూ తిన్నాకే కదిలింది.

మర్నాడు ఉదయం గోడ నిలబడే ఉంది.

సురేందర్ ఫోన్ చేశాడు. "ఏమైంది మేడం మీ గోడకు? నిల్సున్నది గద! నా పేగులు తీసి అధికారుల చేతుల పెట్టినవ్. మంచిగున్నదా?" అతను ఏడుస్తున్నాడో తిడుతున్నాడో ఆమెకు తెలియలేదు. కృష్ణమోహన్ గుమాస్తాతో కబురు పంపాడు, ఫైలు వెనక్కి తీసుకెళ్లమని. వివేక్ ఆఫీసుకు వెళ్లకుండా సోఫాలో కూర్చుని, "అడిగినదానికల్లా జవాబు చెప్పాలా? తెలియదనొచ్చుగా," అన్నాడు. బడిలో ఉన్నవాళ్లు వెనక్కి వెళ్తామంటున్నారని నవీన ఫోన్ చేసి చెప్పింది. వాన తగ్గింది, ఎండ కూడా వచ్చింది.

అప్పుడు పట్టుకున్న భయం అంతకుముందు భయాలన్నిటికంటే వింతది. గోడ పడకపోతే తను అబద్ధాలకోరు, పిచ్చిది. తన నోటితో తనే జైలు తలుపు తీసుకుంది, ఏమీ లేనిదానికి. గోడ పడాలని ఒక్క క్షణం కోరుకుంది. కోరుకున్నందుకు తనంటే తనకే రోత పుట్టింది. బడికి ఫోన్ చేసి సీతాబాయిని పిలిపించి, "ఇవాళ ఒక్కరోజు ఆగండమ్మా, వాన తగ్గినా మట్టిలోకి నీళ్లు దిగుతూనే ఉంటాయి, బరువు ఇంకా పెరుగుతుంది," అని బతిమాలింది.

"నువ్వు ఇంక బెదురుతనే ఉన్నవా బిడ్డా?" అని అడిగింది సీతాబాయి.

"ఉన్నానమ్మా."

"అయితె ఆగుతం."

మధ్యాహ్నం భోజనాల వేళ గోడ పడింది. చప్పుడు లారీ కంకర దింపినట్టు వినిపించిందని బడి దగ్గరివాళ్లు చెప్పారు. వెళ్లి చూస్తే స్లాబు మీదదాకా బురద, నీళ్లు. పొయ్యి ఉన్న చోటు, పసివాడు పడుకున్న చోటు, ఏవీ కనిపించలేదు. నవీన ఫోన్‌లో ఆ మాట చెప్పినప్పుడు మంజూష అమీర్‌పేట ఆఫీసు మెట్ల మీద ఉంది. అక్కడే కూర్చుని, కోచింగ్ పిల్లలు పక్కనుంచి దిగి వెళ్తుంటే, మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది.

దాంతో కేసు పోలేదు. ఆమె చెప్పిన మాటలు చెప్పినట్టే అభియోగ పత్రంలోకి ఎక్కాయి. సురేందర్‌ను అరెస్టు చేసి, కొన్నాళ్లకు బెయిలిచ్చారు. ఆమెకు అరెస్టు తప్పింది గానీ లైసెన్సు సస్పెండ్ చేశారు. పోసిన మట్టి తీసి, మూసిన కాలువ తెరవాలని, ఖర్చు నిందితులే భరించాలని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆమె వాటా కట్టడానికి ఇంట్లో ఉన్న కారు పోయింది, ఆఫీసు పోయింది. కృష్ణమోహన్ తనే మళ్లీ కబురు చేశాడు. "ఇక దాచడానికి ఏమీ లేదు కదమ్మా, వాదించడం నాకూ తేలికే," అన్నాడు. ఎప్పుడు తీర్పు వస్తుందో, ఎలా వస్తుందో ఆయనా చెప్పలేడు. వాయిదా రోజుల్లో ఆమెకు ఇప్పటికీ తిండి సహించదు. వివేక్ మాత్రం ప్రతి వాయిదాకూ సెలవు పెట్టి వెంట వస్తున్నాడు.

ఇప్పుడామె పంజాగుట్టలో వేరే ఇంజనీరు దగ్గర లెక్కలు సరిచూసే పని చేస్తోంది. సంతకం పెట్టే అధికారం లేదు. మొన్నొక రోజు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే సీతాబాయి.

"బిడ్డా, మేం సనత్‌నగర్‌ల షెడ్డు పనికొచ్చినం. మాకు పండుకోనీకె ఒక గోడ పక్క జాగ చూపించిండ్రు. జర వంగినట్టు కనబడ్తున్నది. నువ్వు ఒకసారి ఒచ్చి చూస్తవా?"

"నాకిప్పుడు లైసెన్సు లేదమ్మా. నా మాట కాగితం మీద చెల్లదు."

"కాగితం ఎవలడిగిండ్రు? చూసి చెప్పు, సాలు."

మంజూష బ్యాగులో కొలత టేపు వేసుకుని, తను పనిచేసే ఇంజనీరుకు చెప్పి బయల్దేరింది. దారిలో ఆటోలో కూర్చుని మళ్లీ ఫోన్ చేసింది, తను వచ్చేదాకా పిల్లల్ని ఆ గోడకు దూరంగా ఉంచమని.